విదేశంలో వీకెండ్ ట్రిప్: చూడటమా, దర్శనమా?



విదేశాల్లో ఉద్యోగం చేసే మన వాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "శని, ఆదివారాలు వస్తే కారు తీసి ఎక్కడికో ఒకచోటికి పోతున్నాం. జలపాతం, లోయ, బీచ్. ఫోన్ నిండుతోంది గానీ మనసు నిండట్లేదు. గుడికి పోవాల్సిన టైమ్ తిరుగుళ్లకు పెడుతున్నామా?"

దీనికి జవాబు మన పూజలో మొదటి రెండు నిమిషాల్లోనే ఉంది. సంకల్పంలో.

ముందు చోటు, తర్వాత కోరిక

ఇంట్లో వ్రతం జరిగేటప్పుడు పంతులుగారు గబగబా చదువుతుంటే, మనం అక్షింతలు పట్టుకుని మన గోత్రం ఎప్పుడొస్తుందా అని చూస్తుంటాం. గోత్రం కంటే ముందు ఆయన చెప్పేది అడ్రసు. జంబూద్వీపం, భరతవర్షం, భరతఖండం, ఆ తర్వాత శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో. మా మార్కాపురం శ్రీశైలానికి ఆగ్నేయం. ఆపైన ఏ నదుల మధ్య ఉన్నామో చెప్పి, సంవత్సరం, మాసం, తిథి చెప్తారు. లొకేషన్, టైమ్ రెండూ పడ్డాకే మన రిక్వెస్ట్ పైకి వెళ్తుందన్నమాట.

అమెరికా గుళ్లలో చాలాచోట్ల ఇదే సంకల్పం 'క్రౌంచద్వీపే' అని మారుతుంది. ఆ ఒక్క మాటలో ఎంత అర్థం ఉందో చూడండి. ఫీనిక్స్‌లో కూర్చుని మార్కాపురంలో ఉన్నట్టు నటించమని శాస్త్రం చెప్పట్లేదు. నువ్వు నిలబడ్డ నేల పేరు చెప్పు, అప్పుడు అడుగు అంటోంది. పేరు చెప్పాలంటే ఆ నేల మనకు తెలిసి ఉండాలి కదా! అందుకే మీరున్న చోట కొండనీ నదినీ వెళ్లి చూడటం భక్తికి అడ్డం కాదు. ఎలా చూస్తున్నామన్నదే అసలు విషయం.

లోయ అడుగున విష్ణువు పేరు

ఫీనిక్స్ నుంచి నాలుగు గంటలు కారులో పోతే గ్రాండ్ కాన్యన్. దాదాపు 446 కిలోమీటర్ల పొడవు, ఒకటిన్నర కిలోమీటరుకు పైగా లోతు. అందులో విష్ణు టెంపుల్, శివ టెంపుల్ అని శిఖరాలున్నాయి. అక్కడ గుడి లేదు, గంట లేదు, ఉన్నది రాయే. 1880ల్లో క్లారెన్స్ డట్టన్ అనే అమెరికన్ భూగర్భ శాస్త్రవేత్త ఆ శిఖరాలకు తూర్పు దేశాల దేవతల పేర్లు పెట్టాడు. కాబట్టి 'ఒకప్పుడు అక్కడ మన ఋషులు ఉండేవారు' అని వాట్సాప్‌లో వచ్చే మెసేజ్ ముందుకు పంపకండి. ఆ లోయ తరతరాలుగా హవసుపాయి అనే ఆదివాసుల ఇల్లు. ఇప్పటికీ లోయ లోపల వాళ్ల ఊరుంది. దైవం పేరుతో అబద్ధం చెప్తే దైవానికి గౌరవం పెరగదు.

నిజం అంతకంటే గొప్పగా ఉంది. ఆ లోయ అడుగున ఉన్న నల్లని రాతిని 'విష్ణు షిస్ట్' అంటారు. వయసు 170 కోట్ల ఏళ్ల పైమాటే. సముద్రం అడుగున పేరుకున్న బురద, ఇసుక వేడికీ ఒత్తిడికీ అలా రాయి అయ్యాయి. ఇది చదివినప్పుడు నాకు మా ఊరి పలక గుర్తొచ్చింది. మార్కాపురం పలక కూడా ఒకప్పటి బురదే. భూమి ఒత్తిడికి పొరలు పొరలుగా గట్టిపడింది. ఆ రాతి పొరలకు శాస్త్రవేత్తలు పెట్టుకున్న పేరు మా పక్కనున్న కంభం పేరే. అక్షరాభ్యాసం రోజు మనం దేవుడి పేరు దిద్దింది అలాంటి రాతి మీదే. రెండు ఖండాల్లో రెండు రాళ్లు, రెండింటి మీదా ఆయన పేరు.

ఆ లోయ అంచున నిలబడి వీడియో కాల్‌లో మా అమ్మకు చూపించాను. "ఏందిరా నాయనా అది, ఎవరు తవ్వారు?" అంది. "ఎవరూ తవ్వలేదమ్మా, కింద పారే కొలరాడో నది కోసుకుంటూ పోయింది" అన్నాను. స్క్రీన్ మీద నది సరిగా కనపడను కూడా లేదు. అయినా అమ్మ చెయ్యెత్తి దణ్ణం పెట్టుకుంది. డట్టన్ ఎవరో, షిస్ట్ ఏమిటో అమ్మకు తెలియదు. దర్శనం అంటే అది.

అర్జునుడు అడిగింది ఇదే

గీత పదో అధ్యాయంలో అర్జునుడు అడుగుతాడు: స్వామీ, నిన్ను ఏయే వస్తువుల్లో తలచుకోవాలి? కృష్ణుడు కళ్లకు కనపడేవాటి పేర్లు చాలా చెప్తాడు. కదలనివాటిలో హిమాలయం, నదుల్లో గంగ, జలాశయాల్లో సముద్రం, చెట్లలో రావి. ఆ జాబితాలో కొలరాడో లేదు, మన గుండ్లకమ్మా లేదు. అయితే చివర్లో ఆయన తలుపు తెరిచే ఉంచాడు. ఎక్కడ వైభవం, శోభ, శక్తి కనిపించినా అది నా తేజస్సులో ఒక అంశ అనుకో, అన్నాడు.

భాగవతంలో విదురుడు తీర్థయాత్ర చేసి తిరిగి వస్తాడు. ధర్మరాజు ఆయనతో అనే మాట భావం ఇది: గుండెలో భగవంతుణ్ణి పెట్టుకుని తిరిగే మీలాంటివాళ్ల వల్లే తీర్థాలు తీర్థాలవుతున్నాయి. వెళ్లిన చోటుకు మనం ఏం తీసుకెళ్తున్నామన్నది ముఖ్యమన్నమాట.

రెండు చోట్లా లేకుండా పోవద్దు

ఇది ఎందుకు ఇంతగా చెప్తున్నానంటే, 'అసలు జీవితం ఊళ్లో ఉంది, ఇక్కడున్నది బతుకుతెరువే' అనుకుంటూ పదేళ్లు గడిపేవాళ్లు మనలో ఉన్నారు. వీసా స్టాంపింగ్ భయంతో ఇంటికి పోలేరు, ఉన్నచోట మనసు నిలపలేరు. బస్టాండులో కూర్చున్నట్టే వయసు గడిచిపోతుంది. సంకల్పం మనల్ని ఆ బెంచీ మీంచి లేపుతుంది. ఈ ద్వీపం, ఈ నది, ఈ తిథి. ఇప్పుడు, ఇక్కడ.

ఈసారి ట్రిప్‌కి మూడు పనులు చెయ్యండి. బయల్దేరే ముందు ఆ చోటు పేరు, నది పేరు, అక్కడి మొదటి మనుషుల పేరు తెలుసుకోండి. చేరాక మొదటి ఐదు నిమిషాలు ఫోన్ జేబులో పెట్టి మనసులో సంకల్పం చెప్పుకోండి. వచ్చేటప్పుడు ఒక్క ప్లాస్టిక్ కవరు కూడా అక్కడ వదలకండి. గుడి మానమని కాదు. గుడిలో నేర్చుకున్న చూపును బయటికి కూడా తీసుకెళ్లమని.

ఊరికి వచ్చినప్పుడూ అదే చూపు. నయాగరా చూసినవాళ్లు త్రిపురాంతకం చూశారా? శ్రీశైలానికి తూర్పు ద్వారం అది. కొండ మీద త్రిపురాంతకేశ్వరుడు, కింద బాలా త్రిపురసుందరి. భైరవకోనలో కొండను తొలిచిన శివాలయాలు ఎనిమిది. గిద్దలూరు దగ్గర అడవిలో నెమలిగుండ్ల రంగనాయకస్వామి. కంభం చెరువు సంగతి సరే సరి. విజయనగర రాజుల కాలంలో రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు కట్టిన కట్ట ఇప్పటికీ నీళ్లు నిలుపుతోంది. వానలు తక్కువైన మా ప్రాంతంలో ఆ కట్ట మీద నిలబడితే చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది.

ఇవాళ దీపం పెట్టేటప్పుడు మీరున్న ఊరికి దగ్గరగా పారే నది పేరు ఒక్కసారి తలచుకోండి. పేరు తెలియకపోతే ముందు తెలుసుకోండి, తర్వాత దీపం పెట్టండి.

మార్కాపురం లక్ష్మీచెన్నకేశవస్వామి మిమ్మల్ని ఎక్కడున్నా చల్లగా చూడాలి. శుభం.