గట్టెక్కునప్పుడు తెలియు బరువు

ధ్యానభాగము: హెబ్రీ. 12:1-2

ప్రియులారా, విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు సైకిలుమీద పోవువానికి ఒక ప్రక్క సముద్రము, మరియొక ప్రక్క కొండలు కనబడును. త్రోవ ఎక్కుచు దిగుచు సాగును. మన కోనసీమలో కొండలు లేవు. కొత్తపేటనైనను రాజోలునైనను కాలువగట్టున సైకిలు సుళువుగా పోవును. వెనుక కొబ్బరికాయల బస్తా ఉన్నను అంతగా తెలియదు. 2002లో ఎదుర్లంక వంతెన రాకముందు, యానాము పోవుటకు ఏటిగట్టెక్కి రేవులో పడవనెక్కినవారికి ఆ బరువెంతో తెలియును.

కాయల బస్తా కూడుపెట్టును. పగ అను బస్తా ఏ సంతలోను అమ్ముడుపోదు. అయినను దానిని మోయుచునే యున్నాము. 1996 నవంబరు తుపాను ఈ సీమలో కొబ్బరితోటలను కూల్చెను. సరిహద్దు చెట్టు పడిపోయినను, దానికొరకు మాటలు మానుకొన్న అన్నదమ్ముల తగవు పడిపోలేదు. సుఖదినములలో అది బరువని తోచదు. జబ్బో, మరణమో వచ్చిననాడు కాలు ముందుకు సాగదు.

సహోదరులారా, గట్టు రాకముందే బస్తా దించుదము. ఈ నెల ప్రభువు బల్ల యొద్దకు రాకముందు సహోదరుని గుమ్మము త్రొక్కుదము. మన పాపభారము మోసినవాడు సిలువతో మనకు ముందుగా నడిచెను. ఆయనవైపు చూచుచు సాగుదము. ఆమేన్.