ఆగుటయు యాత్రయే

తీర్థమను పదమునకు తరింపజేయునది యని అర్థము. నదిని దాటు రేవునకును తీర్థమనియే పేరు. రేవున నిలువనిదే ఆవలి యొడ్డు చేరుట లేదు. ఈ మర్మము నెరిగిన మన పూర్వులు తీర్థయాత్రను ఒకే పరుగుగా తలపలేదు. మజిలీ మజిలీకి ఆగుచు, ఆగిన చోట స్నానమో, దానమో, దర్శనమో ఆచరించుచు సాగిపోయిరి. నేడు వాహనములు వచ్చినవి, వారధులు వెలసినవి. ఒక్క పగటిలో అనేకాలయములు చూడవచ్చును. కనుకనే పూర్వులకు రాని సందేహమొకటి నేటి గృహస్థునకు కలుగుచున్నది. దారిలో పలుమార్లు ఆగుట యాత్రకు విఘ్నమా, లేక యాత్రలో భాగమా?

కోనసీమ దారిలో ఈ ప్రశ్న మిక్కిలి స్పష్టముగా ఎదురగును. అంతర్వేది శ్రీ లక్ష్మీనృసింహస్వామి దర్శనమునకు సకుటుంబముగా బయలుదేరినవారికి, రావులపాలెము పరిసరములు మొదలు సఖినేటిపల్లి వరకు, ఆగదగిన చోట్లు అనేకములు. గౌతమీ తీరమున వాడపల్లిలో ఎర్రచందనపు మూర్తియై వేంకటేశ్వరుడు వెలసియున్నాడు. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి, అయినవిల్లిలో సిద్ధివినాయకుడు, వైనతేయ యొడ్డున అప్పనపల్లిలో బాలబాలాజీ కొలువుదీరియున్నారు. నడుమ ఆత్రేయపురపు పూతరేకులు, కాలువగట్లపై కొబ్బరితోటల నీడ. పిల్లలు "ఇక్కడ ఆపండి నాన్నగారూ" అందురు. వృద్ధులకు కాళ్లు పట్టివేయును. చంటిబిడ్డ తల్లికి కొంతసేపు చెట్టునీడ కావలెను. ఇంటి యజమాని చూపు మాత్రము గడియారముపై నుండును. చేరునంతలో ఆలయపు తలుపులు మూయుదురేమోనని ఆయన తొందర.

ఆ తొందర నిందింపదగినది కాదు. అంతర్వేది స్వామిని సేవింతుమని సంకల్పించి ఇల్లు కదలినారు. దారి సుఖములలో సంకల్పమును మరచువాడు విహారియే కాని యాత్రికుడు కాడు. అయితే ఆ తొందరకు వెల చెల్లించునది ఎవరు? ప్రతి యాలయము వద్దను వాహనము దిగలేక, వరుసలో వడివడిగా నడువలేక, "మీరు వెళ్లి రండి నాయనా, నేనిక్కడి నుంచే దండం పెట్టుకుంటాను" అని కూర్చుండిపోవు ముసలితల్లి చెల్లించును. తొలుత ఈ మ్రొక్కు మ్రొక్కినది ఆమెయే కావచ్చును. కుమారుడు ఐదు ఆలయములు చూచితినని ఊరిలో లెక్క చెప్పును. తల్లి ఐదు గోపురములను వాహనపు అద్దము గుండ చూచినది. అప్పుడు ఆ యాత్ర ఎవరిది?

ఈ ప్రాంతమునకే చెందిన ప్రాచీన యాత్ర యొకటి ఇందుకు దారి చూపుచున్నది. గోదావరి ఏడు పాయలై, తుల్య, ఆత్రేయ, గౌతమి మొదలుకొని వశిష్ఠ వరకు ఋషుల పేర ప్రవహించి, సముద్రుని చేరినదని సంప్రదాయము. పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగిలో స్నానముతో మొదలిడి, ఒక్కొక్క సంగమమున మునుగుచు, మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేది చేరి, వశిష్ఠ సాగరసంగమమున ముగించు యాత్రకు సప్తసాగర యాత్ర యని పేరు. సంతానము గోరు దంపతులు దీనిని విశేషముగా ఆచరించుచుండెడివారు. తక్కిన ఆరు సంగమములను విడిచి నేరుగా ఏడవదానిని చేరినవాడు అంతర్వేదిని చూచినవాడగును కాని సప్తసాగర యాత్ర చేసినవాడు కాడు. ఆ యాత్రకు మజిలీలే అవయవములు.

అట్లని ప్రతిచోటను ఆగవలసినదేనా? దీనికి రామాయణము సమాధానము చెప్పుచున్నది. వనవాసమునకు బయలుదేరిన శ్రీరాముడు గుహుని కడ ఆగెను. భరద్వాజుని ఆశ్రమమున ఆగెను. అత్రి అనసూయల ఆతిథ్యము స్వీకరించెను. దండకారణ్యమున మున్యాశ్రమములందు ఒకచోట కొన్ని నెలలు, మరియొకచోట ఒక యేడు చొప్పున నివసించుచుండగా 10 సంవత్సరములు గడచినవి. సీతావియోగమున తల్లడిల్లుచున్న వేళ సైతము శబరి ఆశ్రమమున ఆగి ఆమె పూజ నందుకొనెను. హనుమంతుడో, సముద్రమును లంఘించునపుడు మైనాకుడు పైకి లేచి విశ్రమింపుమని ప్రార్థించినను ఆగలేదు. శబరి ఎదురుచూచుచున్నది కనుక రాముడాగెను. సీతమ్మ ఎదురుచూచుచున్నది కనుక హనుమ ఆగడాయెను. ఇరువురికిని కొలమానమొక్కటే. అది తన సుఖము కాదు, ఎదురుచూచువారి ఆర్తి. హనుమ ఆగకపోయినను మైనాకుని చేతితో స్పృశించి, ఆదరించియే సాగెనని మరువరాదు.

శ్రీవైష్ణవాచార్యులైన పిళ్లై లోకాచార్యులు శ్రీవచనభూషణమున భగవంతుని ఐదు స్థితులను దప్పిగొన్నవానికి నీటి లభ్యతతో పోల్చి చూపిరి. అంతర్యామి భూగర్భ జలము వంటివాడు, త్రవ్వినగాని దొరకడు. పరరూపము బ్రహ్మాండమును చుట్టియున్న ఆవరణజలము. వ్యూహము పాలకడలి. రామకృష్ణాది విభవావతారములు వరద వచ్చిన ఏరు. ఆ కాలమున ఒడ్డున నున్నవారికే దక్కినవి. అర్చావతారము ఆ వరద తీసిన పిమ్మట ఏటిలో నిలిచిన మడుగు. ఎప్పుడు వచ్చినవాడైనను దోసిలితో త్రాగవచ్చును. గోదావరి వరదల నెరిగినవారికి ఈ ఉపమానమునకు వ్యాఖ్యానము అక్కరలేదు. భగవంతుడే మనకొరకు ఆగినాడు. ఆగియున్న స్వామిని సేవింపబోవువాడు తనవారికొరకు ఆగలేకుండుట ఎంత విపరీతము!

ర్యాలి స్వామి నేర్పు పాఠము మరియొకటి. అచ్చటి మూర్తి ఏకశిల. ముందు కేశవుడు, వెనుక జగన్మోహిని. ముందు నిలిచి నమస్కరించి పరుగిడువానికి సగము దర్శనమే లభించును. వెనుకకు వెళ్లి నిలిచి చూచినవానికే అమృతము పంచిన మోహినీరూపము కేశపాశపు తీరుతో సహా కన్నుల గట్టును. ఎన్ని ఆలయములు చూచితిమన్నది లెక్క. ఒక్క మూర్తిని ఎంతసేపు చూచితిమన్నది భక్తి. కాలము చాలదనిన, ఐదింటిలో రెండింటిని విడిచి మూడింటిని తల్లితోకూడ సేవించుటయే మేలు.

పూతరేకులకొరకు ఆగుట దోషమా? కాదు. కాగిన కుండ బోర్లించి, పల్చని బియ్యపు పిండిలో తడిపిన గుడ్డతో రేకు తీయు స్త్రీ చేతిపని పిల్లలకు చూపి, ఆమె శ్రమను మెచ్చి, తగిన వెల ఇచ్చి, ఇంటిల్లిపాది పంచుకొనినచో అదియు సత్కార్యమే. సెల్‌ఫోనులో బొమ్మ తీసికొనుటకే దిగి, తిన్న ఆకులు కాలువలో విసరి కదలినచో అది ఆగుట కాదు, ఆలస్యము మాత్రమే. ఆగిన చోట ఎవరి అలసట తీరినది, ఎవరి మనస్సు నిండినది అని ప్రశ్నించుకొనిన చాలును.

నరసాపురము నుండి పంటుపై వశిష్ఠను దాటి సఖినేటిపల్లి రేవు చేరువారికి ఈ సత్యము ప్రత్యక్షమగును. పంటుపై ధనికుని కారును, కూలివాని సైకిలును ప్రక్కప్రక్కనే నిలుచును. అందరును కలిసి దాటవలసినదే.

అంతర్వేదిలో మాఘ శుద్ధ దశమి రాత్రి స్వామివారి కల్యాణము, మరునాడు భీష్మ ఏకాదశికి రథోత్సవము జరుగును. 2020 సెప్టెంబరులో పాత రథము అగ్నికి ఆహుతియైనను, 2021 నాటి ఉత్సవమునకు నూతన రథము సిద్ధమయ్యెను. రక్తవిలోచన సంహారమున రక్తము నేల పడకుండ నాలుక చాచి స్వామికి తోడ్పడిన అశ్వరూఢాంబికను స్థానికులు గుర్రాలక్కగా కొలుతురు. ఆమెను స్వామికి సోదరిగా భావింతురు. దేవేరులతో రథమెక్కిన స్వామి ఆ తోబుట్టువు గుడి కడ ఆగి చీర సారె సమర్పించుట అచ్చటి యానవాయితీ. లక్షలాది జనులు మోకు పట్టి లాగుచున్నను, ఆడపడుచు వాకిట ఆ రథము ఆగును.

సకుటుంబముగా స్వామిని సేవింపబోవు ప్రతి గృహస్థుడును ఆ రథమును స్మరించుగాక. ఇంట నెమ్మదిగా నడచువారి అడుగే యాత్రకు వేగమని యెంచి, వారి చేయి పట్టుకొని గుడిమెట్టు ఎక్కించుగాక. శ్రీ లక్ష్మీనృసింహుని కృప అట్టివారికి దారి పొడవునను తోడుండును.