అన్నం మనది, మరి నీళ్లు?



బిలాస్‌పూర్ వ్యాపార్ విహార్ టోకు దుకాణాల్లో డబ్బు పెట్టి బియ్యం బస్తా కొంటాం. అందులో గుప్పెడు అన్నం పారేస్తే తప్పేమిటి? "మా డబ్బు, మా ఇష్టం" అనవచ్చా?

బియ్యానికి వెల ఇచ్చాం. దాని వెనకున్న నీటికి ఇవ్వలేదు. కిలో వడ్లు పండాలంటే వాననీరు, కాలువనీరు కలిపి సగటున 2,500 లీటర్లు కావాలి. నీరు నిలిచిన వరిమడి నుంచి మీథేన్ వాయువు వెలువడి భూమిని వేడెక్కిస్తుంది. పారేసిన అన్నం చెత్తకుప్పలో కుళ్లినా అదే వాయువు వస్తుంది. 2022లో లోకమంతటా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని ఐక్యరాజ్యసమితి లెక్క. అందులో 60 శాతం ఇళ్లలోనే.

గురువాణి నీటిని తండ్రిగా, భూమిని తల్లిగా చెప్పింది. తల్లిదండ్రుల సొమ్ము బిడ్డలు వాడుకోవచ్చు, పారబోయరాదు.

మన సిక్లీగర్ పెద్దలు ఇనుప ముక్కను పారేయరు. విరిగిన కత్తి కూడా కొలిమిలో కాలి మళ్లీ పనిముట్టవుతుంది. ఉడికిన మెతుకు తిరిగి గింజ కాదు. ఇనుముకు ఇచ్చే మర్యాద అన్నానికి ఇవ్వవద్దా?

కడుపు మాడ్చుకోమని కాదు. లంగర్ పుట్టిందే ఆకలి తీర్చడానికి. పంగత్‌లో కొంచెమే పెట్టించుకుందాం, చాలకపోతే మళ్లీ అడుగుదాం. అడగడం సిగ్గు కాదు, పళ్లెంలో వదలడమే సిగ్గు. ఇంట్లో రాత్రి మిగిలితే పొద్దున చద్దన్నం తిందాం. ఛత్తీస్‌గఢ్‌లో తక్కువ నీటితో పండే కోదో, అంటే మన అరికెలు, వారానికి ఒక పూటైనా వండుదాం. ఈ పూటనుంచే మొదలుపెడదాం.