నిన్నటి బొమ్మ పక్కన పెట్టుకో, బిడ్డా

బిడ్డా,

ఛాతీ వైద్యంలో పీజీ ముగించుకొని మన నారాయణఖేడ్‌లోనే పనిచేస్తానన్నావని మీ నాన్న చెప్పినప్పుడు కాసేపు నాకు మాట పెగల్లేదు. మనూరు దిక్కు పల్లెల నుంచి, తండాల నుంచి ఆయాసపడుతూ వచ్చేవాళ్లకు ఇన్నేళ్లూ మేం చెప్పింది ఒకటే: సంగారెడ్డి పో, లేకుంటే పట్నం పో. మొన్న నువ్వు అడిగావే, ఊపిరితిత్తుల మార్పిడి జరిగినవాళ్లు ఊరికి తిరిగొచ్చాక తేడా చేస్తే స్కానింగ్ ఎంతవరకు పనికొస్తుందని. ఫోన్లో తెమిలే మాట కాదు. అందుకే కాగితం పట్టాను.

ఇంత మారుమూలకు అలాంటి మనిషి ఎందుకొస్తాడని అనుకోకు. 1963లో అమెరికాలో జేమ్స్ హార్డీ మొదటిసారి ఊపిరితిత్తి మారిస్తే ఆ రోగి 18 రోజులే బతికాడు. 1983లో టొరంటోలో జోయెల్ కూపర్ చేసిన ఆపరేషన్‌తో గాని ఈ వైద్యం నిలదొక్కుకోలేదు. 2020కల్లా సికింద్రాబాద్ కిమ్స్‌లో సందీప్ అట్టావర్ బృందం కోవిడ్ సోకిన మనిషికి రెండు ఊపిరితిత్తులూ మార్చి ఇంటికి పంపింది. ఆపరేషన్ పట్నంలోనే జరుగుతుంది, నిజమే. బతుకు మాత్రం ఊళ్లోనే గడవాలి కదా. రాత్రి రెండింటికి ఊపిరాడకపోతే, వంద కిలోమీటర్లు దాటి ఉన్న ఆ పెద్ద ఆసుపత్రి కంటే నీ గుమ్మమే దగ్గర.

మా చదువుకాలంలో ఊపిరితిత్తికి అల్ట్రాసౌండ్ పనికిరాదని చెప్పేవారు. గాలి శబ్దతరంగాన్ని లోపలికి పోనివ్వదు, తిప్పికొడుతుంది. ఆ తిప్పికొట్టడంలోనే కబురు ఉందని పట్టుకున్నవాడు ఫ్రాన్స్‌లో డేనియల్ లిక్టెన్‌స్టైన్. ఆయన 2008లో ప్రకటించిన బ్లూ ప్రోటోకాల్ నువ్వు చదివే ఉంటావు. గాలి నిండిన తిత్తి మీద దాన్ని కప్పిన పొర గీత, దాని కింద సమాన దూరాల్లో అడ్డగీతలు కనిపిస్తాయి. అవి ఏ-లైన్లు. తిత్తి చెమ్మగిల్లితే ఆ గీతల్ని చెరిపేస్తూ పొర దగ్గర్నుంచి తెర అడుగు దాకా టార్చిలైటు వెలుగులా నిలువు చారలు దిగుతాయి. అవి బీ-లైన్లు. రెండు పక్కటెముకల సందున మూడు, అంతకు మించి కనిపిస్తే లెక్కలోకి తీసుకో. నీరు చేరితే నల్లగా ఉంటుంది. నెమ్ము చేసి గట్టిపడిన భాగం అచ్చం కాలేయంలా కనిపిస్తుంది.

ఇదంతా పుస్తకంలో ఉంది. మార్పిడి జరిగిన ఛాతీకి దాని సొంత నడక ఒకటి ఉంటుంది, నేను చెప్పాలనుకున్నది దాని గురించి.

కొత్త తిత్తి వచ్చేటప్పుడే దాని నరాలు, లింఫ్ నాళాలు తెగి వస్తాయి. నీటిని లాగేసే కాలువలు లేవు గనక మొదటి రోజుల్లో చెమ్మ త్వరగా చేరుతుంది. మొదటి 72 గంటల్లో తిత్తి దెబ్బతిని నీరు పట్టేస్తే దాన్ని ప్రైమరీ గ్రాఫ్ట్ డిస్‌ఫంక్షన్ అంటారు. అది ఐసీయూ వాళ్ల యుద్ధం. నీ దాకా వచ్చేది నరాల సంగతి. శ్వాసనాళాన్ని అతికించిన కుట్టుకు కింద దగ్గు పుట్టించే నరం లేదు. కఫం నిండినా లోపల మంట పుట్టినా ఆ మనిషికి మనలా దగ్గు రాదు. 'దగ్గు లేదు సార్' అన్నాడని నిశ్చింతగా ఉండకు. దగ్గు చెప్పని మాట నీ ప్రోబ్ చెప్పాలి.

ఒక్క తిత్తి మాత్రమే మార్చినవాళ్లుంటారు. రెండోవైపు పాతదే, జబ్బుతో గట్టిపడి ఉండొచ్చు. అలా గట్టిపడితే అటువైపు బీ-లైన్లు ఎప్పుడూ ఉంటాయి. ఆ చారలు చూసి కంగారుపడినా తప్పే, వాటితో పోల్చి కొత్తదాన్ని బాగుందనుకున్నా తప్పే. కొత్త తిత్తిని దాని నిన్నటి బొమ్మతోనే పోల్చాలి. అందుకే చెబుతున్నాను, మనిషి బాగున్న రోజునే పిలిపించి, ఛాతీని గళ్లుగా విడదీసుకుని ముందు, పక్క, వెనక అన్ని గళ్లూ చూసి రాసి పెట్టుకో. బాగున్ననాటి బొమ్మ లేకపోతే బాగాలేనినాటి బొమ్మ సగమే మాట్లాడుతుంది.

వెనక అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, ఒకసారి నేను వెనక చూడలేదు. పడుకుని ఉన్న మనిషిని కదిలించడమెందుకని ముందువైపు మాత్రమే చూసి నీరు లేదని రాశాను. నీరు వెనక్కి దిగి కూర్చుంది. మర్నాడు సీటీ తీస్తే గాని తెలియలేదు. ఆయనకు ఒక రాత్రి ఊరికే ఎగశ్వాస పెట్టించాను. ఆ రాత్రి ఇప్పటికీ యాదికొస్తుంది. కూర్చోబెట్టు, పక్కకు తిప్పు, ఇంటివాళ్ల సాయం అడుగు.

పొర జారుతోందా అని చూసేటప్పుడు ఇంకో జాగ్రత్త. మామూలు మనిషిలో జారడం ఆగిందంటే గాలి చేరిందేమోనని అనుమానిస్తాం. ఆపరేషన్ అయిన ఛాతీలో పొరలు అతుక్కుపోయినా జారవు. గాలి చేరిందని గట్టిగా చెప్పాలంటే లంగ్ పాయింట్ వెతుకు, జారే చోటు, జారని చోటు కలిసే అంచు. మరో సంగతి, రెండు తిత్తులూ ఒకేసారి మార్చినప్పుడు రెండు పక్కల ఖాళీలు కలిసిపోవచ్చు. ఒకవైపు చేరిన గాలి రెండోవైపుకూ పాకవచ్చు. ఎప్పుడూ రెండు వైపులా చూడు.

డయాఫ్రం చూడటం చాలామంది మరిచిపోతారు. ఆపరేషన్‌లో దాని నరం నలిగితే తిత్తి ఎంత బాగున్నా మనిషి మెట్లెక్కలేడు. కుడివైపు కాలేయాన్ని కిటికీగా చేసుకుని చూడు. ఊపిరి పీల్చినప్పుడు డయాఫ్రం నీ ప్రోబ్ వైపు దిగాలి. మామూలు ఊపిరిలో సెంటీమీటరు కూడా కదలకపోతే అనుమానించు. ముక్కుతో గట్టిగా ఎగబీల్చమంటే పైకి పోయిందనుకో, నరం పనిచేయడం లేదు. ఎక్స్‌రేలో పట్టుకోలేని ఈ కదలికను మంచం పక్కనే చూపించడం ఈ యంత్రం చేసే గొప్ప మేలని నా నమ్మకం. ఆయాసానికి కారణం వెతికేటప్పుడు కాళ్ల సిరల మీద కూడా ప్రోబ్ పెట్టి నొక్కు. నొక్కినా అణగని సిరలో రక్తపు గడ్డ ఉంటుంది.

ఇక తెర మీద కనిపించనివి. శ్వాసనాళం అతికించిన కుట్టు కనిపించదు. రక్తం సరిగా అందక అది విడిపోయినా, ఇరుకైపోయినా బ్రాంకోస్కోప్ వేసి చూడాల్సిందే. చర్మం కింద గాలి చేరితే ఏదీ కనిపించదు. బీ-లైన్లు కొత్తగా వస్తే అది శరీరం తిత్తిని తిరస్కరించడమా, సోకిన జబ్బా, ఉత్త నీరా అని స్కానింగ్ తేల్చలేదు. దానికి ముక్క తీసి పరీక్ష చేయాలి. అన్నిటికన్నా నన్ను భయపెట్టేది నెమ్మదిగా సన్నని గొట్టాలు మూసుకుపోయే దీర్ఘకాలిక తిరస్కరణ. అందులో గాలి లోపలే చిక్కుకుంటుంది, తెర మీద ఏ-లైన్లు ముచ్చటగా ఉంటాయి. ఊదుడు పరీక్షలో మాత్రం తన మంచిరోజుల అంకె నుంచి 20 శాతం పడిపోయి ఉంటుంది. తెర శుభ్రంగా ఉందని మనిషిని ఇంటికి పంపకు. ఊదించు, నడిపించు, వేలికి ఆక్సీమీటరు పెట్టు.

మందుల చీటీ దగ్గర ఒక్క మాట. మన దగ్గర క్షయ ఎక్కువ. ఛాతీలో మచ్చ కనిపించగానే రిఫాంపిసిన్ రాసే చేయి మనది. తిరస్కరణను ఆపే టాక్రోలిమస్ వేసుకునేవాళ్లకు అది కలిస్తే రక్తంలో టాక్రోలిమస్ స్థాయి పడిపోతుంది, తిత్తినే కోల్పోవచ్చు. మార్పిడి చేసిన వైద్యుల్ని అడగకుండా రాయకు.

చేతిసంచిలో పట్టే స్కానింగ్ యంత్రాలు వచ్చాయని మురిసిపోయావు, చూశాను. ఊపిరితిత్తులు చూడటానికే అయినా 1994 గర్భస్థ లింగ నిర్ధారణ నిరోధక చట్టం కింద అది నమోదు కావాల్సిందే. ఆ కాగితాలు పూర్తి చేశాకే ముట్టుకో. ఆ చట్టం మన ఆడపిల్లల కోసం వచ్చింది, దాన్ని విసుక్కోవద్దు.

పంపాల్సి వస్తే ఆలస్యం చేయకు. ఛాతీ బొమ్మ గీసి, ఏ గడిలో ఏం చూశావో సమయం వేసి రాసి, బాగున్ననాటి కాగితం దానికి గుచ్చి పంపు. బండి జోగిపేట దాటేలోపు పట్నం డాక్టరుకు నువ్వే ఫోన్ చేయి.

ప్రోబ్‌ను ఇంతకుముందు ఎవరి ఒంటి మీద పెట్టారో ఆలోచించు. మార్పిడి జరిగినవాళ్లది రోగనిరోధక శక్తిని మందులతో అణిచిపెట్టిన ఒళ్లు. నీ చేతులూ ప్రోబూ శుభ్రం చేసుకున్నాకే తాకు. డిసెంబరులో మన దగ్గర జెల్లు మంచుగడ్డలా ఉంటుంది. సీసాను కాసేపు గోరువెచ్చని నీళ్లలో పెట్టు. కుట్ల పక్క నుంచి మెల్లగా మొదలుపెట్టు, అక్కడ చాలాకాలం నొప్పి ఉంటుంది.

మీ పెదనాయిన