చిన్న పొట్ట, పాత అలవాటు

బీజేపీ అధ్యక్షుడిగా ఉండగా, 2011లో నితిన్ గడ్కరీ బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నారు. ఇలాంటి వార్త వినగానే, కత్తి పెట్టి కొవ్వు తీసేస్తారనుకుంటారు చాలామంది.

కాదు. కొవ్వు తీయరు. పొట్టను చిన్నది చేస్తారు.

స్లీవ్ అనే పద్ధతిలో జీర్ణాశయం అరటిపండులాంటి సన్నని గొట్టంగా మిగులుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగం పోతుంది. అందుకే మొదట్లో ఆకలి మందగిస్తుంది.

అసలు కష్టం ఆపరేషన్‌కు ముందే మొదలు. కొన్నాళ్లు అన్నం, తీపి బంద్. దాంతో కాలేయం కుంచించుకుంటుంది. దాని చాటునున్న పొట్ట అప్పుడు సర్జన్‌కు సులువుగా అందుతుంది. సిగరెట్ కూడా మానాల్సిందే.

తర్వాత? ముందు నీళ్లు, పల్చటి ద్రవాలు, గుక్కగుక్కగా. ఆపైన మెత్తగా మెదిపిన పప్పు. తింటూ నీళ్లు తాగకూడదు. కొన్ని నెలలకు జుట్టు రాలవచ్చు, చాలామందికి మళ్లీ వస్తుంది. వదులైన చర్మం మాత్రం అంత తేలిగ్గా బిగుసుకోదు.

పొట్ట చిన్నదైంది, నిజమే. అలవాటు చిన్నదైందా? ఐస్‌క్రీమ్ కరిగి ఆ గొట్టంలోంచి హాయిగా జారిపోతుంది. బరువు తిరిగొచ్చే దారుల్లో అదొకటి.

విటమిన్ మాత్రలు జీవితాంతం, రక్తపరీక్షలు క్రమం తప్పకుండా. “ఏంట్రా, అప్పుడే చెయ్యి కడిగేశావా?” అనే పెద్దమ్మకు జవాబు కూడా ముందే సిద్ధం చేసుకోవాలి.