తుప్పుమీద రంగు

పుదుచ్చేరి పట్టణమునకు దక్షిణమున తేంగాయ్‌తిట్టు మత్స్యరేవు కలదు. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమగుటచే తూర్పుతీరమున ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు, అనగా 61 దినములు, మరపడవలు వేటకు పోరాదను నియమము అమలునందున్నది. వలలు విశ్రమించిన ఈ దినములలో జాలరులకు పని లేదనుకొనుట పొరపాటు. పడవలు ఒడ్డు చేరునది, ఇంజనులకు తుప్పు వదల్చి రంగు వేయునది ఈ విరామముననే.

ఇందుకు రెండు మార్గములు కలవు. తుప్పుమీదనే దట్టముగా రంగు పూయుట మొదటిది. ఒక్క పూటలో పని ముగియును. చూచువారికి అది క్రొత్త ఇంజనే. రెండవది శ్రమతో కూడినది. ముందు మంచినీటితో ఉప్పును కడిగి, నూనెజిడ్డు తుడువవలెను. పెచ్చులుగట్టిన తుప్పును సుత్తితో తట్టి, ఇనుపతీగల బ్రష్షుతో గీకి, గరుకుకాగితముతో రుద్ది, మెఱయు లోహమును వెలికి దేవలెను. సముద్రపుగాలి సోకి మరల తుప్పు పట్టకముందే ప్రైమరు పూసి, అది ఆరిన పిదపనే రంగు వేయవలెను.

రంగుక్రింద మిగిలిన తుప్పు ఊరకుండదు. తేమయు, గాలియు కలసి ఇనుమును తినివేయును; ఉప్పు ఆ పనిని త్వరపఱచును. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు నాక్రమించును గనుక, పైపూతను లోపలినుండి ఎత్తి పగులగొట్టును. నడిసముద్రమున ఇంజను ఆగినచో ప్రమాదము పాలగువారు ఆ పడవలోని మనుష్యులు. పూత పూసినవాడు ఒడ్డుననే యుండవచ్చును.

మానవుని నడవడియందును ఇదే ప్రశ్న ఉదయించును. దోషమును కప్పిన సదాచారము శుద్ధి యగునా? లోన క్రోధమున్నను పైకి శాంతముగా నుండుట లోకమునకు మేలే కదా యని కొందఱందురు. అందు సత్యము లేకపోలేదు. అణచిన కోపము పరులను గాయపఱుపదు. కాని గీతాచార్యుడు కర్మేంద్రియములను నిగ్రహించి మనస్సున విషయములనే చింతించువానిని మిథ్యాచారుడనెను. నిగ్రహము లోని తుప్పును గీకుటకు వ్యవధి నిచ్చినచో సాధనము. గీకనక్కఱలేదని నమ్మించినచో వంచన.

మఱియొక విషయము. తుప్పు బయటినుండి వచ్చి అంటుకొన్న మురికి కాదు. ఇనుమే అట్లు మారినది. కావుననే గీకునపుడు ఇనుము తరుగుచున్నట్లు తోచును. మనుష్యుడును తన అసూయను, గర్వమును విడుచుటకు ఇందువలననే జంకును. అవి తన స్వభావమే యనుకొనును. కాని తుప్పు ఏ బరువును మోయలేదు. అది పోయినందున పోయిన బలమేమియు లేదు.

అట్లని రంగు నిరర్థకము కాదు. పెక్కు ఇంజనులకు లేతరంగు వేయుటలో ఒక యుక్తి కలదు: ఎచటనైన నూనె కారినచో వెంటనే కనబడును. సాధకుని సదాచారమును అట్టిదే కావలెను. అది దోషమును దాచు తెర గాక, దోషము తలయెత్తిన క్షణముననే పట్టియిచ్చు స్వచ్ఛమైన నేల కావలెను.

మఱుసటి యేడు తుప్పు మరల వచ్చును గదా, ఈ శ్రమ వ్యర్థము కాదా? దక్షిణేశ్వరమున శ్రీరామకృష్ణులు తోతాపురిని, సిద్ధిపొందిన పిదపను ప్రతిదినము ధ్యానమెందుకని అడిగిరి. తోతాపురి తళతళలాడు తన ఇత్తడిచెంబును చూపి, నిత్యము తోమనిచో అది అట్లుండునా యనెను. చెంబు బంగారముదైనచో తోమనక్కఱలేదు గదా యని శ్రీరామకృష్ణులు బదులు పలికిరి. రెండును సత్యములే. ఆత్మ బంగారము, దానికి మలిన మంటదు. మనస్సు ఉప్పుగాలిలో తిరుగు ఇనుము. ఆత్మ బంగారమని విన్నంతనే మనస్సును తోముట మానినవాడు రెండింటిని కలగాపులగము చేసినవాడు.

నియమకాలము ముగిసినంతనే పడవలు మరల సముద్రమునకు పోవును. ఒడ్డున గడపిన దినములలో ఏమి చేసిరో అచట తేలును. ఎల్లరకును ఏదో ఒకనాడు కెరటములు తప్పవు. ఒడ్డున నున్నపుడే గీకుకొనుట వివేకము.