అతని మాట ఎవరు పలకాలి?

"మౌల్వీసాబ్! నాకోసం ఒక్క దుఆ చేయండి. నాకన్నా ఒక్కరోజు ముందు అల్లాహ్ నా బిడ్డను తీసుకుపోవాలి."

చోడవరంలో ఒక తల్లి నాతో అన్న మాట ఇది. ఆమె కుమారునికి ఇరవై ఏళ్లు దాటాయి. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల తక్కువ, మాట నిదానం. తాను కన్నుమూస్తే వాడికి అన్నం పెట్టేదెవరు, వాడి తరఫున మాట్లాడేదెవరు అన్నదే ఆమె భయం. ఆ దుఆ నేను చేయలేదు. అలాగని ఆమెను తప్పూ పట్టలేదు. ఆలోచిస్తే అది బిడ్డకు వ్యతిరేకంగా చేసిన మొర కాదు. మన సమాజంపై అల్లాహ్ సన్నిధిలో పెట్టిన ఫిర్యాదు.

ఆరోజు నేనూ ఒక పొరపాటు చేశాను. ఆ యువకుడు పక్కనే కూర్చుని ఉన్నాడు. అయినా వాడికి ఏమిష్టమో, ఏం కావాలో అన్నీ తల్లినే అడిగాను.

సోదర సోదరీమణులారా! బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటి వైకల్యాలు ఉన్నవారి మాటకు విలువ ఉందా? లేక వారి సంరక్షకుని మాటే వారి మాటా?

అప్పు పత్రం రాయించే విషయంలో దివ్య ఖుర్ఆన్ (2:282) చూపిన క్రమాన్ని గమనించండి. ముందుగా చెప్పి రాయించవలసింది బాధ్యత ఉన్న వ్యక్తే. అతను బుద్ధి బలహీనుడో, చెప్పలేని స్థితిలో ఉన్నవాడో అయితేనే వలీ అతని తరఫున చెప్పాలి. అదీ న్యాయంగా చెప్పాలి. అంటే మొదటి హక్కు అతనిదే. వలీ అతని మాటకు యజమాని కాదు, అమానత్‌దారు మాత్రమే. ఆస్తిని సంభాళించుకోలేని వారి గురించి నిసా సూరా (4:5) అన్నవస్త్రాలతోనే ఆగలేదు. వారితో మంచిగా మాట్లాడమని కూడా ఆదేశించింది. మాట్లాడమన్నదంటే వారిని మనుషులుగా ఎదుట నిలబెట్టుకోమనే కదా!

హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. బుద్ధిలో కొంత లోపమున్న ఒక స్త్రీ దైవప్రవక్త (సఅసం) వద్దకు వచ్చి, తనకు మీతో పని ఉందన్నది. ఆయన ఆమె బంధువులను పిలిపించమనలేదు. ఏ వీధికి రమ్మంటావో నువ్వే ఎంచుకో అన్నారు. ఆమె పని పూర్తయ్యేదాకా ఆమెతోనే ఉన్నారు.

"ఆస్తి వ్యవహారాలు తెలియనివాడికి నిర్ణయం ఎలా వదిలేస్తాం?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ పొలం అమ్మడం వేరు, ఏ చొక్కా తొడుక్కోవాలో, ఎవరింటికి వెళ్లాలో చెప్పడం వేరు. ఒకటి చేతకాలేదని అన్నీ లాక్కోవడం జుల్మ్. నేటి చట్టం కూడా ఈ మాటే అంటోంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పరిమిత సంరక్షకత్వాన్ని పేర్కొన్నది. నిర్దిష్టమైన విషయానికి, నిర్దిష్టమైన కాలానికి, ఆ వ్యక్తి ఇష్టానుసారం ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవాలి. అంతకుముందే 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం, పద్దెనిమిదేళ్లు నిండినవారికి సంరక్షకుణ్ణి నియమించే స్థానిక కమిటీలను ఏర్పరచింది. అందులో కలెక్టరుతో పాటు స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ఒక వికలాంగ వ్యక్తి ఉంటారు. సంరక్షకుడు ఏటా ఆస్తి లెక్క చూపాలి. ఇక్కడ తప్పించుకున్నా ప్రళయదినాన ఆ లెక్క తప్పదు.

ఈ చట్టాలు ఎంతమంది తల్లులకు తెలుసు? ఒంటరి తల్లి ఎన్ని కార్యాలయాలు తిరుగుతుంది? అందుకే జమాఅత్ కావాలి. 1995లో దేశంలోని తల్లిదండ్రుల సంఘాలు 'పరివార్' పేరిట ఒక్కటయ్యాయి. అమెరికాలోని ఒరెగాన్‌లో 1974లో బుద్ధిమాంద్యం ఉన్నవారు తామే సమావేశమై, 'ముందు మేము మనుషులం' అన్న భావంతో ఉద్యమం మొదలుపెట్టారు. సాయం చేసేవారు పక్కన ఉన్నారు. మాట మాత్రం వారిదే.

2022 నుండి చోడవరం అనకాపల్లి జిల్లాలో ఉంది. కలెక్టరు కార్యాలయం దగ్గరైంది. నాలుగు కుటుంబాలు కలిస్తే చాలు. ఒకరు ధ్రువపత్రాల సంగతి, మరొకరు పింఛను సంగతి, ఇంకొకరు సంరక్షకత్వ దరఖాస్తు సంగతి నేర్చుకోవచ్చు. ముస్లిమేతర ఇరుగుపొరుగును కూడా కలుపుకోవాలి. ఈ బాధకు మతభేదం లేదు. ఆ కూటమిలో ఆ పిల్లలకు కూడా చోటుండాలి. అంధుడైన ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి)ను దైవప్రవక్త (సఅసం) తాను ప్రయాణమైనప్పుడు మదీనాలో తన ప్రతినిధిగా నియమించారు. దయ చూపి ఒక మూల కూర్చోబెట్టలేదు, బాధ్యత అప్పగించారు.

మరోసారి ఆ ఇంటికి వెళ్లినప్పుడు నేను ఆ యువకుణ్ణే అడిగాను, "బాబూ, నీకేం కావాలి?" అని. చాలాసేపు పట్టింది. నేను ఆగాను. "జుమాకి... వస్తా" అన్నాడు. తల్లి తల దించుకుంది. నమాజులో శబ్దం చేస్తాడని ఎవరో విసుక్కుంటే, ఏళ్లుగా పంపడం మానేసిందట.

ఆ తల్లి కోరిన దుఆ మారాలంటే, ముందు మన సఫ్‌లో ఆ బిడ్డకు చోటివ్వాలి. బలహీనుల మాట వినే ఓపికను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.